ఎర్ర దారం సీసా

చిక్కడపల్లిలో ఇల్లు కిరాయికి అడగడానికి వెళ్లిన రోజు ఓనరమ్మ నన్ను గుమ్మం దగ్గరే ఆపి, ఏం పని చేస్తావని అడిగింది. నారాయణగూడలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతానన్నాను. అక్కడితో ఆపితే సరిపోయేది. నా నోరు ఊరుకోదు కాబట్టి, సముద్రపు పురుగులకు పేర్లు పెడుతుంటానని కూడా చెప్పాను.

"పేర్లు పెట్టుడా? మా ఆడబిడ్డ గూడ పొద్దున లేస్తే గదే పని," అందావిడ.

ఇల్లయితే ఇచ్చింది. అప్పటినుంచి ఆ గల్లీలో నేను పురుగుల మేడమ్‌ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ ఈ పిలుపుకు మాత్రం ఎప్పుడూ కోపం రాలేదు. ఉన్న మాటే కదా.

నా పురుగులు ఉప్పునీటి బురదలో, మడ చెట్ల వేళ్ల కింద బతుకుతాయి. వానపాముకు దూరపు చుట్టాలు. ఒళ్లంతా కణుపులు కణుపులుగా ఉంటుంది. ప్రతి కణుపుకూ రెండు పక్కలా బుల్లి తెడ్లలాంటి కాళ్లు, ప్రతి కాలి చివరా కుచ్చుగా సన్నటి ముళ్లు. ఇంటర్ పుస్తకంలో వాటిని శూకాలంటారు, నేను ముళ్లనే అంటాను. ఆ ముళ్లను చూసే ఒక జాతిని ఇంకో జాతి నుంచి వేరు చేస్తాం. రంగును నమ్మలేం, కుళ్లకుండా స్పిరిట్‌లో వేస్తే నాలుగు రోజుల్లో పోతుంది. పొడవును అసలే నమ్మలేం, సగం పురుగులు తోక తెగిపోయే దొరుకుతాయి. ఏడాదికోసారి కాకినాడ వైపు వెళ్లి, మోకాలి లోతు బురదలో దిగి, జల్లెడ పట్టి, దొరికినవి సీసాల్లో నింపుకుని రైలెక్కుతాను. మిగతా ఏడాదంతా సముద్రం లేని ఈ ఊళ్లో మైక్రోస్కోప్ ముందు కూర్చుని ముళ్లు చూస్తాను.

ఈ పని నాకు నేర్పింది మా మేడమ్. మా కాలేజీలోనే పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఎనభై దాటాయి, అశోక్‌నగర్‌లో ఒక్కరే ఉంటారు. నేను ఆవిడ దగ్గర చేరిన మొదటి వారంలోనే నా బాల్‌పెన్ను కిటికీలోంచి బయటికి విసిరేశారు. సీసాలో వేసే చీటీ మీద సిరాతో రాశానని ఆవిడ కోపం. స్పిరిట్‌లో సిరా కరిగిపోతుంది, పెన్సిల్ గీత మాత్రం చెక్కుచెదరదు. "చీటీ పోతే పురుగు అనాథ," అన్నారు. అప్పటినుంచి నా జడలో పువ్వు లేకపోయినా బ్యాగులో పెన్సిల్ ఉంటుంది.

మేడమ్ జీవితం మొత్తంలో ఒకే ఒక్క కొత్త జాతికి పేరు పెట్టారు. సుమారు నలభై ఏళ్ల కిందటి సంగతి. వాళ్ల అక్క పేరు పెట్టారు. తల్లి లేని పిల్లను ఆ అక్క రాంనగర్‌లో చిన్న గదిలో ఉండి, జాకెట్లు కుట్టి చదివించింది. తను మాత్రం బడి గడప తొక్కలేదు. ఆ పేరు అచ్చయిన కాగితం తెచ్చి చూపిస్తే, అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి, "గింత పెద్ద సముద్రంల నీకు పురుగే దొర్కిందా నా పేరు పెట్టనీకి?" అని నవ్విందట. ఈ కథ మేడమ్ ప్రతి బ్యాచ్‌కూ చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ నవ్వేవారు. అక్క పోయాక కూడా చెప్పేవారు, నవ్వు మాత్రం కొంచెం చిన్నదైంది.

కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు ఒక్క పురుగును ఎంచి, ఈ పేరు దీనిదే అని విడిగా దాచిపెడతాం. దాన్ని మూలప్రతి అనుకోండి. రేపు ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆ ఒక్క పురుగును తీసి చూడాలి. మేడమ్ తన వ్యాసంలో స్పష్టంగా రాశారు: మూలప్రతికి ఎర్ర దారం గుర్తు. నేను వ్యాసాలను అక్షరం పొల్లు పోకుండా చదివే మనిషిని. నా గొప్ప అదే, నా కొంప ముంచబోయిందీ అదే.

పోయిన ఏడాది నేనూ, తీరం వైపు ఉండే ఇంకో పరిశోధకురాలూ కలిసి ఈ పురుగుల కుటుంబాన్నంతా కొత్తగా సర్దే పని పెట్టుకున్నాం. పాత పేర్లన్నీ ఒక్కొక్కటీ తీసి, ఏది నిలబడుతుందో ఏది నిలబడదో తేల్చాలి. దసరా సెలవులు అయిపోయాక కాలేజీ మ్యూజియం గదిలో బీరువా తెరిచాను. మేడమ్ సీసాలు రెండు ఉన్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండింట్లోనూ ఒకే చీటీ, ఒకే చోటు, ఒకే తేదీ, మేడమ్ పెన్సిల్ రాత. పెద్ద సీసా మెడకు ఎర్ర దారం కట్టి ఉంది. చిన్నదానికి ఏమీ లేదు. చిన్నదాన్ని పక్కకు నెట్టి పెద్దది తీసుకున్నాను. అందులో చాలా పురుగులున్నాయి, అన్నిట్లోకీ బాగా ఉన్నదే మూలప్రతి అనుకున్నాను.

మేడమ్ జాతికి ఉన్న ప్రత్యేకత ఒక్కటే. తోకవైపు కాళ్లలో ముళ్లు ఒంటి ముక్కగా ఉంటాయని రాశారు. దానికి దగ్గరి చుట్టమైన పాత జాతిలో ఆ ముళ్లు రెండు ముక్కలు: ఒక పిడి, దాని మొనలో అమరిన చిన్న కత్తి. నేను కాలు తీసి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి చూశాను. ముళ్లు ఒంటి ముక్కగానే కనిపించాయి. ఇంకా పెద్దది చేసి చూస్తే మొనలో గుంట కనిపించింది. ఇంకో కాలు చూశాను. ఇంకో పురుగు చూశాను. అన్నింట్లోనూ గుంట ఉంది. అంటే అవి ఒంటి ముళ్లు కావు, కత్తి ఊడిపోయిన పిడులు. మేడమ్ చూడకముందే ఏదో ఒక మే నెలలో సీసాలో స్పిరిట్ ఎండిపోయి ఉంటుంది, పురుగులు పెళుసెక్కి ఉంటాయి, కత్తులు రాలిపోయి ఉంటాయి. మేడమ్ చూసింది విరిగిన ముళ్లను. ఆ లెక్కన కొత్త జాతి అంటూ ఏదీ లేదు. అది పాత జాతే.

అలాంటప్పుడు పాత పేరు ఉంటుంది, కొత్త పేరు పోతుంది. మా పనిలో దాన్ని పేరును ముంచడం అంటారు. ఆ మాట నేను ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. ఎవరెవరో దొరలు పెట్టిన పేర్లు హాయిగా ముంచాను, ఒకసారి ముంచి వచ్చి మిర్చి బజ్జీలు కూడా తిన్నాను. ఈసారి ఆ మాట రాస్తుంటే చెయ్యి ఆడలేదు. తెలుగులో మనిషిని ముంచడమంటే ఏమిటో అందరికీ తెలుసు కదా.

తోటి పరిశోధకురాలు ఫోన్ చేసి, సోమవారం వ్యాసం పంపించేద్దామంది. సరేనన్నాను. వ్యాసంలో ఆ వాక్యం రాశాను కూడా. మేడమ్‌కు చెప్పకుండా పంపితే ద్రోహం. చెబితే ఆ వయసులో ఆవిడ గుండె ఏమవుతుందో. చెప్పకుండా వాక్యం తీసేస్తే, ఆవిడ నాకు నేర్పిన పనికే ద్రోహం. నాలుగు రోజులు అశోక్‌నగర్ దాకా నడిచి వెళ్లి, ఆవిడ ఉండే బిల్డింగ్ చూసి, తిరిగి వచ్చేశాను. ఇంట్లో అందరి మీదా అరిచాను. కుక్కర్ మీద కూడా అరిచాను.

శనివారం పొద్దున ఇక తప్పదనుకుని బయల్దేరాను. మేడమ్‌కు చూపు తగ్గింది, ఫోన్‌లో బొమ్మలు కనపడవు. అందుకని వాళ్ల వీధి మొగలోనే జిరాక్స్ షాపులో ముళ్ల ఫోటోలు పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించాను. కోచింగ్ పిల్లలు నోట్సులు పట్టుకుని లైన్లో ఉన్నారు. నా వెనకున్న అమ్మాయి కాగితం మీదికి వంగి, "అక్కా, ఇవేంది? ఎగ్జామ్‌ల వస్తయా?" అని అడిగింది.

"రావమ్మా. ఇవి నా ఎగ్జామ్," అన్నాను.

మూడో అంతస్తు ఎక్కేసరికి మేడమ్ తలుపు తీసే ఉంచారు. కిటికీలోంచి నన్ను చూశారట. "నాలుగు దినాల సంది చూస్తున్న. కింద నిలబడ్తవ్, పోతవ్. ఏంది కథ? కిరాయికి ఫ్లాట్ చూస్తున్నవా?" అన్నారు. నాకు సిగ్గేసింది. టీ ఆవిడే పెట్టారు, చక్కెర ఎప్పటిలాగే ఎక్కువ. నేను కాగితాలు బల్ల మీద పరిచి, గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాను. ముళ్లు, గుంటలు, ఊడిన కత్తులు, సోమవారం. చెబుతున్నంతసేపూ టీ కప్పు వైపే చూశాను.

మేడమ్ భూతద్దం తెచ్చుకుని కాగితాల మీద వంగారు. చాలాసేపు చూశారు. కింద కోచింగ్ సెంటర్లో ఎవరో మైకులో పాఠం చెబుతున్నారు.

"గుంట ఉన్నది. కరెక్టే," అన్నారు చివరికి. "రాసెయ్. తప్పైతే తప్పే. నా తప్పు నా శిష్యురాలే పట్టింది, ఇంక నాకేం గావాలె."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతు బాగానే ఉంది. భూతద్దం మాత్రం కాగితం మీద నుంచి తీయలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆవిడే మళ్లీ మాట్లాడారు. "ఒక ముచ్చట చెప్పాలె నీకు. అక్కను మా ఇంట్ల ఎవ్వరు పేరు పెట్టి పిలువలే. చిన్నప్పుడు 'ఓ పిల్లా' అన్నరు. తర్వాత 'ఏమే' అన్నరు. నాకేమో అక్క. వ్యాసంల రాసేటప్పుడు నాకు భయమైంది, అసలు అక్క పేరు గదేనా అని. రేషన్ కార్డు తీసి చూసుకున్న. ఆమె పేరు ఉన్న కాగితాలు రెండే. ఆ కార్డు ఒకటి, నా వ్యాసం ఒకటి." కాగితాలను దగ్గరికి లాక్కుని మళ్లీ చూశారు. "సరే పోనియ్. ఏ పురుగుది ఈ కాలు?"

"మూలప్రతిదే మేడమ్. ఎర్ర దారం సీసల నుంచి తీసిన."

"సీసకు ఏడున్నది దారం?"

"మెడకు. బయట కట్టి ఉన్నది."

మేడమ్ భూతద్దం కింద పెట్టారు. "బయటనా? నేను బయట ఎందుకు కడ్త? లోపల చిన్న గొట్టం ఉంటది, దూది పెట్టి, గొట్టం మూతికి కట్టిన. అక్క కుట్టుమిషన్ మీది దారం అది." నా మొహంలోకి చూశారు. "నువ్వు చూసిన దారం ఎర్రగున్నదా?"

"ఎర్రగనే ఉన్నది మేడమ్."

"నలభై ఏండ్ల దారం గంత ఎర్రగెట్లుంటదే పిచ్చిదానా!"

ఆ "పిచ్చిదానా" విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పటికింకా ఏదీ తేలలేదు. అయినా ఆవిడ నన్ను తిట్టారంటే ఎక్కడో ఆశ ఉందన్నమాట. నేను వెళ్లి చూసొస్తానంటే వినలేదు. చీర కొంగు సర్దుకుని, చెప్పులేసుకుని, నాకంటే ముందే మెట్లు దిగారు. కింద ఆటో ఆపి, "నారాయణగూడ. జర జల్ది పోనియ్ తమ్మీ," అన్నారు. ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్ ఎప్పటిలాగే నిలిచిపోయి ఉంది. ఆ కాసేపూ మేడమ్ నా చెయ్యి పట్టుకునే కూర్చున్నారు.

రెండో శనివారం సెలవు కాబట్టి కాలేజీలో మా అటెండర్ ఒక్కడే ఉన్నాడు. పదిహేనేళ్లుగా ఆ మ్యూజియం గది తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి, నేను ఆయన్ని అన్నా అంటాను. మేడమ్ రెండు అంతస్తులు ఎక్కడానికి మూడు చోట్ల ఆగారు. బీరువా తీయించి, పెద్ద సీసా బయట పెట్టి, అడిగాను: "అన్నా, ఈ దారం ఎవరు కట్టిండ్రు?"

"నేనే మేడమ్," అన్నాడాయన, బహుమతి ఇస్తారేమో అన్నట్టు. "దసరాకు ఆయుధపూజ చేస్తం గద, మైక్రోస్కోపులకు బొట్లు పెడ్తం, దీనికి దారం కడ్త. నాకన్న ముందున్న పెద్దాయన మరీ మరీ చెప్పి పోయిండు. ఎర్ర దారం సీస పెద్ద మేడమ్‌ది, జర పైలం, దారం పాతబడ్తే కొత్తది కట్టు అని. పోయిన పండుగకు గూడ మార్చిన. ఒక్క ఏడు గూడ తప్పలే."

మేడమ్ కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. రిటైరయ్యే రోజున ఆ పెద్దాయనకు తనే చెప్పారట, ఎర్ర దారం ఉన్నదాన్ని భద్రంగా చూసుకొమ్మని. ఆయన వెతికితే ఎర్ర దారం కనిపించి ఉండదు. అప్పటికే స్పిరిట్ దాని రంగు తాగేసి ఉంటుంది. పాపం, మాట పోకూడదని బజారు నుంచి కొత్త దారం తెచ్చి, ఉన్నవాటిలో పెద్ద సీసాకు కట్టాడు. ఆ తర్వాత అది ఆచారమైపోయింది. మేడమ్ నమ్మకంగా అప్పగించారు, ఒకాయన నమ్మకంగా కట్టాడు, ఇంకొకాయన నమ్మకంగా మార్చాడు, నేను నమ్మకంగా చదివాను. నలుగురం కలిసి ఎంత శ్రద్ధగా తప్పు చేశామో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

చిన్న సీసా తీశాను. లోపల వేలంత గాజు గొట్టం, మూతికి దూది, దూది మీద నాలుగు చుట్లు దారం. తెల్లగా ఉంది. మొదటిసారి చూసినప్పుడు కూడా ఉంది, నేనే లెక్క చెయ్యలేదు. పట్టకారతో ముడి విప్పుతుంటే మేడమ్ పక్కనుంచి, "తెంపకు," అన్నారు. తెంపలేదు. ముడి లోపలి మడతలో, స్పిరిట్ సరిగా చేరని చోట, ఆవగింజలో సగమంత ఎరుపు మిగిలి ఉంది.

పురుగు చెక్కుచెదరకుండా ఉంది. తోకవైపు కాలు ఒకటి మేడమ్ అప్పుడే కోసి అందులోనే వేసి ఉంచారు, కొత్తగా కోసే అవసరం రాలేదు. గ్లిజరిన్ చుక్కలో పెట్టి, మైక్రోస్కోప్ సరిచేసి చూశాను. ముల్లు కుదురు నుంచి మొన దాకా ఒక్కటే గీత. మొన సన్నగా, నున్నగా ముగిసింది. గుంట లేదు. పక్క ముల్లు చూశాను, దాని పక్కది చూశాను. కుచ్చులో ఒక్కదానికి కూడా గుంట లేదు.

"లేదు మేడమ్," అన్నాను. "గుంట లేదు. ఒంటి ముల్లే. మీరు రాసింది కరెక్ట్."

మేడమ్ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. తర్వాత, "భయపడ్డ," అన్నారు. "తప్పైతే తప్పే అన్న గని, ఆటోల కూసున్నసంది ఒకటే అనుకున్న. అక్కను మళ్ల పేరు లేకుంట చేస్తున్నమా అని." ఇప్పుడు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. అటెండర్‌కు పురుగుల సంగతి అర్థం కాకపోయినా, పెద్ద మేడమ్ ఏడుస్తున్నారు కాబట్టి తనూ కళ్లు తుడుచుకుని, టీ తేవడానికి వెళ్లాడు. వారం రోజులుగా ఛాతీ మీద కూర్చున్న బండ దిగిపోయింది. ఆకలి కూడా అప్పుడే తెలిసింది.

పెద్ద సీసా సంగతి కూడా తేలింది. ఆ బురదలో రెండు జాతులూ కలిసే బతుకుతాయి. ఆ రోజు జల్లెడలో దొరికినవన్నీ ఒకటే అనుకుని మేడమ్ ఒకే చీటీ వేశారు. "అది నా తప్పే. అది మాత్రం రాయాలె," అన్నారు కళ్లు తుడుచుకుంటూనే. తప్పు విషయంలో ఆవిడ ఎవరికీ మినహాయింపు ఇవ్వరు, తనకు అసలే ఇవ్వరు. ముంచే వాక్యాన్ని అక్కడే కూర్చుని తీసేశాను. దాని బదులు పెద్ద సీసాలో ఉన్నవి పాత జాతివని, మూలప్రతి చిన్న సీసాలోని గొట్టంలో ఉందని, దాని దారం ఒకప్పుడు ఎర్రదని రాశాను. తోటి పరిశోధకురాలు ఫోన్‌లో అంతా విని, "సోమవారం కాకపోతే మంగళవారం. ఏం మునిగిపోయింది?" అంది. ఏమీ మునగలేదు.

అటెండర్ పెద్ద సీసా మెడనుంచి తన దారం విప్పేశాడు. ఇన్నేళ్లు తప్పు సీసాకు పూజ చేశానని మొహం చిన్నబుచ్చుకున్నాడు. దాన్ని చెత్తబుట్టలో వేయబోతుంటే మేడమ్ కుడిచెయ్యి చాపారు. "పారెయ్యకు. పూజ చేసిన దారం. ఇటు కట్టు."

ఆయన వంగి, మణికట్టుకు మూడు ముళ్లు వేసి కట్టాడు. "గట్టిగ కట్టినవు గని, నన్ను గూడ సీసల పెట్టెయ్యకండ్రి," అన్నారు మేడమ్. ముగ్గురం నవ్వాం.

ఇక మిగిలింది చీటీ. పాతది పసుపెక్కి, అంచులు చిరిగింది. కొత్తది రాద్దామని బ్యాగులోంచి పెన్సిల్ తీసి ఇచ్చాను. మేడమ్ పట్టుకున్నారు గానీ చెయ్యి కుదరలేదు, తిరిగి నాకే ఇచ్చారు. "నేను చెప్త, నువ్వు రాయి." అక్షరం తర్వాత అక్షరం చెప్పారు. నేను రాశాను. రాసింది చదవమన్నారు, చదివాను. అప్పుడు ఆవిడ కూడా అక్క పేరును పైకి అన్నారు. ఒకసారి మెల్లగా, రెండోసారి కొంచెం గట్టిగా, పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు.

ఇన్నేళ్లలో ఆ పేరు ఆవిడ నోటి నుంచి పిలుపుగా వినడం నాకు అదే మొదలు. ఆవిడకూ అదే మొదలేమో.

ఇది నిజంగా జరిగింది కాబట్టి ఇందులో ఎవరి పేరూ రాయలేదు, ఆ పేరు కూడా రాయను. అది నారాయణగూడలో, రెండో అంతస్తు బీరువాలో, చిన్న సీసాలో ఉంది. పెన్సిల్‌తో రాశాం కాబట్టి స్పిరిట్‌లో పోదు.